మసి పూసిన మారేడుకాయ



పోయిన వారం మన సంఘం గుంపులో ఒక వాట్సాప్ సందేశం తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటారు. మారేడు పండు తింటే విరేచనాలు కట్టుకుంటాయట, మలబద్ధకం వదులుతుందట, షుగరు, బీపీ, గ్యాసు అన్నీ పోతాయట. దానికి జతచేసిన ఫోటో మాత్రం వెలగపండుది. కింద మనవాళ్ళ చర్చ ఇంకా ముచ్చటగా సాగింది. ఒకరు "ఇది బేలద హణ్ణు కదా" అన్నారు. ఇంకొకరు "కాదు, విల్వం" అన్నారు. మూడోవారు "రెండూ ఒకటే, ఇంగ్లీషులో వుడ్ ఆపిల్ అంటారు" అని తేల్చేశారు. ఇంతలో ఒక చెల్లెలు, ఇంట్లో మూడేండ్ల బిడ్డకు నీళ్ళ విరేచనాలు, ఈ పండు హోసూరులో ఎక్కడ దొరుకుతుంది అని అడిగింది. ఆమెకు అప్పుడే ఫోను చేసి చెప్పాల్సింది చెప్పాను, డాక్టరు దగ్గరికి పోయారు, బిడ్డ బాగుంది. కానీ ఆ చర్చ చదివాక ఈ పండు చరిత్ర ఒకసారి మొత్తంగా రాయాలనిపించింది. కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

మనకు ఒక జాతీయం ఉంది, మసి పూసి మారేడుకాయ చేయడం. లేనిదాన్ని ఉన్నట్టు చూపి నమ్మించడం అని అర్థం. ఏ కాయకు మసి పూశారో ఆ మాటలో చెప్పలేదు. అయితే మారేడుకాయకు నకిలీ తయారుచేయడం లాభసాటి బేరంగా ఉన్న రోజులు నిజంగానే ఉన్నాయి. ఆ కథ లండను దాకా పోయింది. దానికి ముందు మన ఊరి గొడవ తేల్చుకుందాం.

మన మొరసునాడులో ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడం, అంగట్లో తమిళం, ఫ్యాక్టరీలో హిందీ. ఇది మన భాగ్యమే, కానీ ఈ పండు దగ్గరికి వచ్చేసరికి ఇదే మనల్ని తికమక పెడుతోంది. చూడండి. మారేడును తమిళంలో విల్వం అంటారు, కన్నడంలో బిల్వ, బిల్వపత్రె అంటారు, హిందీలో బేల్ అంటారు. వెలగను తమిళంలో విళా, విళాంపళం అంటారు, కన్నడంలో బేల, బేలద హణ్ణు అంటారు. అంటే హిందీవాడి బేల్ మారేడు, కన్నడిగుడి బేల వెలగ. బేల్ జ్యూస్ గురించి ఉత్తరాదిలో తీసిన వీడియో చూసి, శ్రీరామనవమికి బెంగళూరులో బేలద హణ్ణు పానకం తాగిన మనవాళ్ళు ఆ పండే ఇది అనుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. తమిళంలో విల్వం, విళాం కూడా గబగబా అంటే ఒకేలా వినబడతాయి. ఇక ఇంగ్లీషు వుడ్ ఆపిల్ సంగతి చెప్పనక్కరలేదు, రెండింటికీ వాడేశారు.

వెలగ, విళా, బేల మూడూ ఒకే మూలం నుంచి వచ్చిన ద్రావిడ మాటలు. తమిళ వకారం కన్నడంలో బకారం అవుతుంది, అంతే. మారేడు అనే మాట మాత్రం ఈ గొడవలో ఎక్కడా చిక్కుకోదు. వెలగతో కలిసిపోయే అవకాశమే లేదు. సికింద్రాబాదులో మారేడుపల్లి, గోదావరి జిల్లాల అడవుల దారిలో మారేడుమిల్లి, ఊరి పేరుగా కూడా ఆ మాట నిలబడింది. ఇంత శుభ్రమైన మాట మన దగ్గరుండగా మన పిల్లలు విల్వం, బేల్ అని తడుముకోవడం చూస్తే బాధగా ఉంటుంది. వాళ్ళ తప్పు కాదులెండి. 2006 చట్టం తర్వాత మన బళ్ళలో తెలుగు పరిస్థితి ఏమయిందో ఈ సంఘంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు.

తమిళ బడిలో చదివిన మన తమ్ముళ్ళకు ఒక సరదా సంగతి. తమిళ ఛందస్సు నేర్పేటప్పుడు తేమా, పుళిమా, కరువిళం, కూవిళం అని చదివిస్తారు కదా, ఆ కూవిళం ఏమిటనుకున్నారు? మారేడే. విల్వం అనే సంస్కృత మూలం మాట స్థిరపడకముందు తమిళులకు ఉన్న సొంత పేరు అది. పదేళ్ళపాటు బడిలో ఆ చెట్టు పేరు వల్లించి కూడా అది ఏ చెట్టో తెలియకుండా బయటికి వచ్చాం.

చూపుకు కూడా తేడా సులభమే. వెలగకాయ పెంకు బూడిద రంగులో గరుకుగా ఉంటుంది, లోపలి గుజ్జు గోధుమ రంగు, పులుపు. పచ్చడికి పనికొచ్చేది అది. సుమతీ శతకంలో ఏనుగు మింగింది కూడా అదే. మారేడుకాయ పెంకు నున్నగా ఉంటుంది, పచ్చగా ఉండి పండాక పసుపు తిరుగుతుంది. లోపల నారింజ రంగు గుజ్జు, విత్తనాల చుట్టూ జిగురు, ముక్కుకు తగిలే వాసన. ఇక ఆకు అందరికీ తెలుసు, మూడు రేకుల దళం. హోసూరు కొండమీద చంద్రచూడేశ్వరుని గుడికి శివరాత్రికి పోయే పిల్లలందరికీ మారేడు దళం తెలుసు. కాయ చూపించి ఇదేమిటంటే తెల్లమొహం వేస్తారు. ఆకుకు దక్కిన మర్యాద కాయకు దక్కలేదు. మామిడి జిల్లాలో పుట్టిన పాపం కూడా కొంత ఉంది. తోతాపురి గుజ్జుకు ఫ్యాక్టరీలున్న చోట మారేడు గుజ్జును ఎవరు అడుగుతారు?

ఇప్పుడు అసలు విషయం. ఒకే పండు విరేచనాలు కడుతుంది, మలబద్ధకమూ వదిలిస్తుంది అని సందేశంలో ఉంది కదా. చదవగానే ఇది అబద్ధమనిపిస్తుంది. సగం అబద్ధం. మారేడు రెండు పనులూ చేస్తుంది, కానీ ఒకే కాయ ఒకేసారి చేయదు. లేత కాయ, దోర కాయ వగరు. అది కడుతుంది. బాగా పండిన పండు తియ్యన, జారుడు. అది వదులు చేస్తుంది. పండ్లన్నీ పండాకే గుణం ఎక్కువ, మారేడు ఒక్కటి మాత్రం పచ్చిగా ఉన్నప్పుడే గుణం ఎక్కువ అని 16వ శతాబ్దపు భావప్రకాశం చెబుతుంది. దానికి చాలా ముందే చరక సుశ్రుతుల కాలం నుంచి మారేడు వేరు దశమూలాల్లో ఒకటి, పచ్చికాయ అతిసారానికి, గ్రహణికి వాడే మందుల్లో ఒకటి.

ఇక్కడ మన భాష చేసిన మేలు గమనించండి. ఇంగ్లీషులో ఫ్రూట్ ఒక్కటే. మనకు పిందె, కాయ, దోర, పండు. మారేడుకాయ వేరు, మారేడు పండు వేరు అని పేరులోనే తెలిసిపోతుంది. మా పక్క అవ్వలు విరేచనాలకు కాయ అనేవాళ్ళు, పండు అని ఎప్పుడూ అనలేదు. ఆ సందేశం ఎవరో ఇంగ్లీషు నుంచి తెలుగు చేసినది. "బేల్ ఫ్రూట్"ను పండు అని మార్చేశారు. నీళ్ళ విరేచనాలతో ఉన్నవాడికి పండిన మారేడు పానకం తాగిస్తే అది ఇంకా జారుస్తుంది. ఒక్క మాట పొరబాటుతో మందు తలకిందులైంది.

యూరోపువాళ్ళకు ఈ కాయ సంగతి మొదట రాసి చెప్పింది గోవాలో ఉన్న పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా. 1563లో గోవాలో అచ్చయిన తన పుస్తకంలో, రక్తవిరేచనాలకు ఇక్కడివాళ్ళు దీన్ని వాడతారని రాశాడు. పోర్చుగీసులో మార్మెలో అంటే వాళ్ళ దేశపు ఒక వగరు పండు, దాంతో హల్వా లాంటి ముద్ద చేస్తారు. మారేడును బెంగాలు మార్మెలో అన్నాడు. ఆ మాటే తర్వాత శాస్త్రీయ నామంలో చేరింది. 1800లో కొరయా ద సెర్రా అనే పోర్చుగీసు మతగురువు, వృక్షశాస్త్రవేత్త, దీనికి ఈగిల్ మార్మెలోస్ అని పేరు ఖాయం చేశాడు. ఈగిల్ అంటే గ్రీకు పురాణంలో బంగారు పండ్లకు కాపలా కాసే కన్యల్లో ఒకరు. అదే ఏడు అదే మనిషి వెలగకు కూడా పేరు పెట్టాడు, ఫెరోనియా ఎలిఫాంటమ్ అని. మన శతకంలో లాగే అక్కడా ఏనుగు వచ్చి చేరింది.

ఆ పేర్లు పెడుతున్న కాలానికే మన ప్రాంతం చేతులు మారింది. 1791లో కార్న్‌వాలిస్ సేన హోసూరును, రాయకోటను పట్టుకుంది. అదే ఏడు నవంబరులో కృష్ణగిరి కోట మీదికి ఎక్కబోయి దెబ్బతిని వెనక్కి తిరిగింది. 1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో కనుమల కింది బారామహల్ కంపెనీ చేతికి వచ్చింది. కనుమల పైనున్న మన హోసూరు, డెంకణికోట మాత్రం టిప్పు పోయాక 1799లో కలిశాయి. బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేసిన కుర్ర అధికారుల్లో ఒకడు థామస్ మన్రో. రైతువారీ పద్ధతికి బీజం పడింది ఇక్కడే. రాయలసీమలో ఆయన్ను మన్రోలప్ప అని తలుచుకుంటారు కదా, ఆ మన్రో ఏడేండ్లు మన కిందిసీమలో తిరిగినవాడు.

ఆ రోజుల్లో ఈ దేశానికి వచ్చిన తెల్లవాడికి పులి కంటే, పాము కంటే భయం కడుపు. సేనలో యుద్ధంలో పోయినవాళ్ళ కంటే జ్వరంతో, రక్తవిరేచనాలతో పోయినవాళ్ళే ఎక్కువ. సేన అంటే సోల్జర్లు మాత్రమే కాదు. ఎద్దులబండ్లు, వంటవాళ్ళు, కూలీలు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు, ఒక ఊరే నడిచిపోతుంది. దారిలో దొరికిన చెరువులో అందరూ తాగాలి, అందరూ కడుక్కోవాలి. కంపెనీ డాక్టర్ల దగ్గర అప్పుడున్న మందులు పాదరసం, నల్లమందు, జలగలు, రక్తం తీయడం. రక్తవిరేచనాలతో నీరసించినవాడికి మళ్ళీ రక్తం తీస్తే ఏమవుతుంది? అందుకే వాళ్ళు బజారు మందుల వైపు చూశారు. దేశీయ వైద్యం మీద ప్రేమతో అని మనం మురిసిపోనక్కరలేదు, వేరే దారి లేక చూశారు. సర్కారు జిల్లాల్లో సామర్లకోట దగ్గర పనిచేసిన రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన పెద్ద బొమ్మల పుస్తకంలో మారేడు ఉంది. మద్రాసు సేనలో సర్జనుగా ఉన్న వైట్‌లా ఎయిన్‌స్లీ 1813లో మద్రాసులో హిందుస్తాన్ మందుల పుస్తకం అచ్చువేశాడు. అందులో మందు పేర్లు తమిళం, తెలుగు, దక్కనీ, సంస్కృతాల్లో ఇచ్చాడు. మన బజారు వైద్యుల నోటి మాటలు అచ్చులోకి ఎక్కింది అలా.

మన్రో గవర్నరుగా ఉండి, దేశానికి తిరిగిపోయే ముందు దత్తమండలాలు ఒకసారి చూసి వద్దామని బయలుదేరాడు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. పొద్దున బాగున్న మనిషి రాత్రికి లేడు. గవర్నరుకు దొరకని మందు ఏముంటుంది? కానీ కలరాకు అప్పుడు ఎవరి దగ్గరా మందు లేదు, డాక్టరు దగ్గరా లేదు, మారేడు చెట్టు దగ్గరా లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

19వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి మారేడుకాయకు ఇంగ్లీషు డాక్టర్లలో మంచి పేరు వచ్చింది. 1867 బ్రిటిష్ ఫార్మకోపియాలో, అంటే సర్కారు గుర్తించిన మందుల పట్టికలో, దానికి చోటు దక్కింది. అందులో ఎలా రాశారో తెలుసా? ఎండబెట్టిన సగం పండిన కాయ అని. ఒక్క మాటలో చెప్పాలంటే, దోర. మన ఒక్క మాటకు వాళ్ళకు రెండు మాటలు పట్టాయి. మరుసటి ఏడు, 1868లో, ఇండియాకు విడిగా ఫార్మకోపియా వచ్చింది. దాన్ని కూర్చిన ఎడ్వర్డ్ జాన్ వేరింగ్ తిరువాన్కూరులో చాలాకాలం పనిచేసినవాడు. రక్తవిరేచనాల మొదటి తాకిడి తగ్గి, రోజులు గడిచినా కడుపు నిలకడకు రాక, ఒకరోజు కట్టి ఒకరోజు వదులుతూ ఉండే దశలో మారేడు బాగా పనిచేస్తుందని అప్పటి డాక్టర్లు అనుభవంతో చెప్పారు.

బజారులో గిరాకీ పెరిగితే ఏమవుతుంది? మసి పూయడం మొదలవుతుంది. 1874లో ఫ్లూకిగర్, హాన్‌బరీ అనే ఇద్దరు లండనులో వేసిన మందు సరుకుల పుస్తకంలో, మారేడుకు బదులు వెలగ అమ్ముతున్నారని, మాంగోస్టీన్ పండు తొక్కలు కూడా మారేడు పేరుతో దిగుమతి అవుతున్నాయని రాశారు. ఎండబెట్టి ముక్కలు చేశాక ఏది ఏదో గుర్తుపట్టడం సామాన్యుడికి చాతకాదు. లండను గోదాముల్లో మన జాతీయం ఇలా అక్షరాలా జరిగింది. అయితే వాళ్ళను మోసగించింది మనవాళ్ళే అని ఒకటే చెప్పుకుని నవ్వుకోనక్కరలేదు. పేర్ల గందరగోళం కూడా ఇందులో సగం కారణం.

ఆ గందరగోళాన్ని పట్టుకుని కూర్చున్నవాడు ఒకడున్నాడు, నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ గౌరవం ఆయన మీదే. మద్రాసు తిరువళ్ళికేణి ఆసుపత్రిలో పనిచేసిన మొహిదీన్ షరీఫ్. ఇండియా ఫార్మకోపియా వచ్చిన మరుసటి ఏడే, 1869లో, దానికి ఒక అనుబంధం అచ్చువేశాడు. అదంతా పేర్ల పట్టికే. ఒక్కో మందుకు హిందుస్తానీ, దక్కనీ, తమిళం, తెలుగు, మలయాళం, కన్నడం ఇలా ఏ భాషలో ఏమంటారు, ఏ పేరు దేనితో కలిసిపోతోంది, బజారులో అడిగితే ఏది చేతికిస్తారు అని తేల్చుకుంటూ పోయాడు. ఇంత పెద్ద పుస్తకం పేర్ల కోసమా అని మనకు అనిపించొచ్చు. కానీ డాక్టరు ఒక పేరు రాస్తే, కాంపౌండరు ఇంకో పేరు చదివితే, అంగడివాడు మూడోది పొట్లం కడితే పోయేది రోగి ప్రాణం. పోయిన వారం మన గుంపులో జరిగింది అదే గొడవ. 150 ఏండ్ల కిందట ఒక మనిషి ఒంటరిగా కూర్చుని తేల్చిన లెక్కను మనం మళ్ళీ చిక్కుపెట్టుకున్నాం.

ఈ పుస్తకాలు వస్తున్న రోజుల్లోనే మన జిల్లా మీద ధాత కరువు పడింది, 1876 నుంచి 78 దాకా. అప్పుడు మనం సేలం జిల్లా. 1871 లెక్కల్లో జిల్లా జనం దాదాపు 19 లక్షల 67 వేలు, 1881 నాటికి 16 లక్షలు. పదేండ్లలో పెరగాల్సిన జనం మూడున్నర లక్షలకు పైగా తగ్గారు. కొందరు వలస పోయారు, ఎక్కువమంది పోయారు, తిరిగిరాని చోటికే. ఆకలితో నేరుగా పోయినవాళ్ళ కంటే, ఏది దొరికితే అది తిని, ఏ నీళ్ళు దొరికితే ఆ నీళ్ళు తాగి కడుపు చెడి, కలరా వచ్చి, జ్వరం వచ్చి పోయినవాళ్ళు ఎంతోమంది. మేలగిరి అడవుల్లో, అంచెట్టి, జవళగిరి పక్క మారేడు చెట్లున్నాయి. తిండే లేని కడుపుకు మందు ఏం చేస్తుంది?

ఫార్మకోపియాలో మారేడు వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. ఇక్కడ తాజాగా వాడితే కనబడే గుణం, ఎండి ఓడలో లండను చేరిన ముక్కలకు ఉండటం లేదని డాక్టర్లు పెదవి విరిచారు. శతాబ్దం ముగిసేసరికి అసలు పట్టిక నుంచి తప్పించి, ఇండియాకూ కాలనీలకూ వేసిన అనుబంధంలోకి దించారు. ఇంతలో రోగం సంగతే మారిపోయింది. రక్తవిరేచనాలు ఒక రోగం కాదని తెలిసింది. 1875లో రష్యాలో లోష్ అమీబాను చూశాడు, 1897లో జపానులో షిగా ఒక బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. 1912లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ అమీబా విరేచనాలకు ఎమెటీన్ ఇంజెక్షన్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత పెద్ద డాక్టర్లెవరూ మారేడుకాయ వైపు తిరిగి చూడాల్సిన పని లేకపోయింది.

తెలుగువాళ్ళం కాబట్టి ఇక్కడ ఒక్క మనిషిని తలుచుకోకుండా ముందుకు పోలేను. యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే రోగంతో పోయారు. తిన్నది ఒంటబట్టక, ఆగని విరేచనాలతో మనిషి కరిగిపోయే రోగం, మనవాళ్ళు గ్రహణి అనేదాంట్లోకి వస్తుంది. తర్వాత సుబ్బారావుకే అది పట్టుకుంది. ఇంగ్లీషు మందులతో కుదరక, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు. లక్ష్మీపతి గారు ఇంగ్లీషు వైద్యమూ చదివి ఆయుర్వేదం చేసినవారు. సుబ్బారావు కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో పాఠం కూడా చెప్పి, 1923లో అమెరికా పోయాడు. 1945లో లెడర్లే కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూకు మందు. తన ప్రాణం నిలబెట్టిన వైద్యాన్ని చిన్నచూపు చూడలేదు, అక్కడితో ఆగిపోనూ లేదు. మన సంఘంలో ఆయుర్వేదమా అల్లోపతియా అని కొట్టుకునే అన్నలకు ఈ సంగతి గుర్తుచేస్తున్నాను.

మరి ఇప్పుడు మారేడుకాయ పనిచేస్తుందా లేదా? ముంబయిలో ఒక వైద్య పరిశోధన సంస్థవాళ్ళు 2009లో పచ్చి మారేడు కషాయం మీద ప్రయోగశాలలో చేసిన పని అచ్చువేశారు. దాని ఫలితం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే అది ఎవరికీ పూర్తిగా అనుకూలం కాదు. కషాయం విరేచనాల బ్యాక్టీరియాను చంపలేదు. కానీ అవి కణాలకు అంటుకోవడాన్ని, లోపలికి దూరడాన్ని బాగా తగ్గించింది. కలరా విషం తయారీని, అది కణానికి పట్టుకోవడాన్ని అడ్డుకుంది. ఇంకో రకం విషం మీద ఏమీ పనిచేయలేదు. అంటే చంపే మందు కాదు, పట్టు సడలించే మందు. అది గాజు పాత్రలో. మనుషుల్లో చూస్తే, బంగ్లాదేశ్‌లో షిగెల్లా రక్తవిరేచనాలు వచ్చినవాళ్ళకు 1990ల మొదట్లో పచ్చి మారేడు ఇచ్చి చూశారు. ఆంటీబయాటిక్ చేసిన పని అది చేయలేదు. పాత డాక్టర్లు చెప్పిందానికి ఇది సరిపోతుంది. తీవ్రంగా ఉన్నప్పుడు దీనికి చోటు లేదు, సద్దుమణిగాక, కడుపు నిలకడ తప్పినప్పుడు ఉంది.

మన్రో దగ్గర గుర్తుపెట్టుకోమన్నాను కదా. కలరాలోనూ, పిల్లల నీళ్ళ విరేచనాల్లోనూ ప్రాణం తీసేది విరేచనం కాదు, ఒంట్లో నీళ్ళూ ఉప్పూ పోవడం. కలరా విషం ఏమిటో 1959లో కలకత్తాలో శంభునాథ్ డే తేల్చాడు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో కాందిశీకులతో నిండిన బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోసి తాగించాడు. నూటికి 30 మంది పోతున్న చోట నలుగురి లోపుకు వచ్చింది. మన సర్కారు ఆసుపత్రిలో ఊరకే ఇచ్చే ఓఆర్ఎస్ పొట్లం అదే. విరేచనాలు ఆగాయా లేదా అని చూసుకుంటూ కూర్చుంటే, వగరు కాయ తిని విరేచనం కట్టినట్టే కనిపించి, లోపల నీళ్ళు పోయి బిడ్డ కళ్ళు లోపలికి పోవచ్చు. బిడ్డకు విరేచనాలు అయితే మొదట ఓఆర్ఎస్, పాలు ఆపకూడదు. నెత్తురు పడినా, జ్వరమొచ్చినా, ఉచ్చ తగ్గినా, మందకొడిగా ఉన్నా ఆసుపత్రి. ఇందులో నాటువైద్యానికి అవమానమేమీ లేదు.

పెద్దవాళ్ళకు, మామూలు అజీర్తికి, మలబద్ధకానికి మారేడు వాడుకుంటామంటే దాని పద్ధతి ఇది. కాయ కావాలంటే చలికాలంలో చూసుకోవాలి, పండు కావాలంటే శివరాత్రి దాటాక ఎండల్లో. దోరకాయను నిప్పుల్లో కాల్చి, పగలగొట్టి, గుజ్జులో బెల్లం కలిపి కొంచెం కొంచెం తినేవాళ్ళు. లేదా బిళ్ళలుగా కోసి ఎండబెట్టి దాచి, అవసరమైనప్పుడు కషాయం కాచేవాళ్ళు. పండునైతే గుజ్జు తీసి నీళ్ళలో నానబెట్టి, చేత్తో పిసికి వడగట్టి, బెల్లం, ఏలకులు వేస్తే పానకం. మిక్సీలో వేయకండి, విత్తనాలు నలిగితే చేదు. ఒక గ్లాసుతో ఆపండి, ఎక్కువైతే కడుపు బరువెక్కుతుంది. షుగరుకు మందులు వేసుకునేవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి.

ఒక జాగ్రత్త. హోసూరు, కృష్ణగిరి బజారులో నాటుమందుల అంగడికి పోయి "విల్వ పొడి" అంటే మామూలుగా ఇచ్చేది ఆకుపొడి. కాయపొడి కాదు. ఎండు కాయ బిళ్ళలు అడిగి, పెంకు అంచు చూసి తెచ్చుకోండి. పొడి కొంటే అందులో ఏముందో చెప్పగలిగేవాడు అంగడివాడొక్కడే.

తినగా మిగిలిన పెంకును కూడా మనవాళ్ళు పారేయలేదు. మూతపెట్టి పొడుం డబ్బీ చేసుకునేవాళ్ళు, నాటువైద్యులు మాత్రలు దాచుకునేవాళ్ళు. విత్తనాల జిగురు అంటించడానికి పనికొచ్చేది, గచ్చు సున్నంలోనూ కలిపేవాళ్ళు. డెంకణికోట, తళి, బేరికె, సూళగిరి, వేపనపల్లి పక్క సభ్యులకు ఒక మనవి. మీ ఊర్లో మారేడు మాను ఉంటే, గుడిలోదైనా చేని గట్టుదైనా, ఫోటో తీసి ఊరి పేరుతో ఇక్కడ పెట్టండి. ఇంట్లో అవ్వలను అడిగి దోరకాయకు, కాల్చిన గుజ్జుకు, పెంకు డబ్బీకి ఏమనేవాళ్ళో వాళ్ళ మాటల్లోనే రాయండి. పక్కనే కన్నడం పేరు, తమిళం పేరు కూడా వేస్తే, అన్నీ కలిపి ఒక పట్టిక చేసి సంఘం గోడకు అంటిద్దాం.